కొంపల్లి తీర్పు చదివాక ఒక ప్రశ్న: మన అడవి హద్దును ఎవరు గీశారు, ఆ గీత ఖర్చును ఎవరు మోస్తున్నారు?

ఓరుగల్లు_పాఠం

సభ్యులందరికీ నమస్కారం. భూపాలపల్లి జిల్లా కొంపల్లిలోని 106.34 ఎకరాల అటవీ భూమిపై 2024 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఈ వారం రెండోసారి పూర్తిగా చదివాను. మనిషి అవసరాల చుట్టూ కాకుండా ప్రకృతి చుట్టూ ఆలోచించాలని అందులో న్యాయమూర్తులు రాసిన మాటలు పత్రికల్లో బాగానే వచ్చాయి. 2030 నాటికి ఎండ, ఉక్కపోతల వల్ల కోల్పోయే పనిగంటల రూపంలో దేశ స్థూల ఉత్పత్తిలో 4.5 శాతం దాకా ప్రమాదంలో పడవచ్చన్న రిజర్వు బ్యాంకు నివేదికను కూడా ఆ తీర్పు ప్రస్తావించింది. ఒక గ్రామ సర్వే నంబరు తగాదాలో చరిత్ర, చట్టం, అర్థశాస్త్రం మూడూ ఒకేచోట కలిసిన తీర్పు మన జిల్లాల నుంచే వెళ్ళడం నాకు విశేషంగా అనిపించింది.

అయితే నా మనసును పట్టుకున్నది ఆ పెద్ద మాటలు కావు. ఒకే ప్రభుత్వంలోని అటవీ శాఖ ఆ భూమి అడవి అని వాదిస్తుండగా, అదే ప్రభుత్వానికి చెందిన కొందరు అధికారులు అది ప్రైవేటు భూమి అని ప్రమాణ పత్రాలు వేశారు. ఇది ఎలా సాధ్యమైందని ఆలోచిస్తే నాకు ఒక్కటే సమాధానం దొరుకుతున్నది. మన అడవికి రెండు రికార్డులు ఉన్నాయి, ఆ రెండూ వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. అటవీ శాఖ రికార్డు నిజాం కాలంలో కలప ఆదాయం కోసం గీసిన రిజర్వు హద్దుల నుంచి వచ్చింది. రెవెన్యూ రికార్డు శిస్తు కోసం పుట్టి, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే సర్వే నంబర్ల వారీ భూమి రికార్డుతో గట్టిపడింది. ఏ చెట్టు ఎక్కడ ఉండాలి, ఏ జంతువు ఏ దారిన పోతుంది, ఏ వాగు ఏ చెరువును నింపుతుంది అన్న ప్రశ్నలు ఈ రెండింటిలో దేనికీ ఆధారం కాలేదు. ఆ తరువాత వచ్చిన ప్రతి సంరక్షణ చట్టాన్నీ ఈ పాత గీతల మీదనే పరిచామని, అందుకే మంచి చట్టం కూడా తప్పుడు మనిషి మీద పడుతున్నదని నా అభిప్రాయం. చట్టం తెలిసినవారు, అడవిలో పనిచేసినవారు ఇది సరైనదో కాదో చెప్పాలని కోరుతున్నాను.

వకీలు_హనుమకొండ

సార్, మీరు చెప్పిన దానిలో చాలా భాగంతో ఏకీభవిస్తున్నాను, కానీ తీర్పు గురించి ఒక వివరం చేర్చాలి. హైకోర్టు మొదట అటవీ శాఖ పక్షానే నిలిచి, తరువాత పునఃపరిశీలన దరఖాస్తు మీద తన తీర్పును తానే తిరగేసింది. సుప్రీంకోర్టు తప్పు పట్టింది ముఖ్యంగా దాన్ని. పునఃపరిశీలన పేరుతో కేసును మళ్ళీ మొదటి నుంచి విచారించి, అటవీ భూమిని ప్రైవేటు వ్యక్తికి కానుకగా ఇచ్చినట్లు చేయడం కుదరదని చెప్పింది. రెండు పక్షాలకూ చెరి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించి, పరస్పర విరుద్ధమైన ప్రమాణ పత్రాలు వేసిన అధికారుల నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే వీలును ప్రభుత్వానికి ఇచ్చింది.

ఇక రికార్డు విషయం. అడవి అంటే ఏమిటన్న ప్రశ్నకు 1980 అటవీ సంరక్షణ చట్టంలో నిర్వచనమే లేదు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆ లోటును పూరిస్తూ, నిఘంటువులో అడవి అంటే ఏ అర్థం ఉందో ఆ అర్థానికి సరిపోయే ప్రతి భూమికీ, యజమాని ఎవరైనా సరే, ఈ చట్టం వర్తిస్తుందని చెప్పింది. కంటికి కనిపించే అడవికి, కాగితంలో ఉన్న అడవికి మధ్య దూరాన్ని తగ్గించిన మాట అది. 2023 సవరణ మళ్ళీ కాగితం వైపే జరిగింది. నోటిఫై చేసిన భూమికి, 1980 అక్టోబరు 25 నాటికి లేదా ఆ తరువాత ప్రభుత్వ రికార్డులో అడవిగా నమోదైన భూమికి చట్టాన్ని పరిమితం చేయాలన్నది దాని సారం. 2024 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, రాష్ట్రాలు తమ అటవీ భూముల రికార్డును సిద్ధం చేసేదాకా పాత నిఘంటువు అర్థాన్నే పాటించాలని చెప్పింది. కాబట్టి మీరు లేవనెత్తిన రికార్డు ప్రశ్న చరిత్ర పాఠంతో ముగిసిపోయేది కాదు. ఈ రోజు కోర్టులో నడుస్తున్న ప్రశ్న అదే.

జోడేఘాట్_దారి

నేను ఉట్నూరు దగ్గరి గోండు గూడెం నుంచి వచ్చి వరంగల్‌లో చదువుకుంటున్నాను. సార్ చెప్పిన గీత మా ఇళ్ళలో పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. నిజాం అటవీ శాఖ రిజర్వు హద్దులు బిగించిన కొద్దీ మా తాతల కాలంలో పోడు తిరిగే నేల తగ్గిపోయింది, పశువుల మేతకు పన్ను పడింది, చేను చుట్టూ వేసుకునే కంచె కట్టె కూడా నేరమైంది. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక టేకు అంగడికి చేరే దారి దగ్గరైందన్న సంగతిని కూడా ఈ వరుసలో పెట్టి చూడాలి. కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చిన తరువాతనే నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పిలిపించి, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. తరువాత గిరిజన ప్రాంతాల కోసం ప్రత్యేక నిబంధనలు వచ్చాయి, చాలా కుటుంబాలకు పట్టాలు అందాయి. అయినా 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి కోసం సభకు బయలుదేరిన మావాళ్ళ మీద కాల్పులు జరిగాయి.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, 2025 మే 30న వచ్చిన 49వ నంబరు ఉత్తర్వును చరిత్ర తెలియనివారు కేవలం పులుల విషయంగానే చూశారు. మన కవ్వాల్ పులుల రిజర్వుకూ మహారాష్ట్రలోని తడోబా పులుల రిజర్వుకూ మధ్య పులులు నడిచే దారిని కుమ్రం భీం సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. దానికి మా నాయకుడి పేరే పెట్టారు. మా గ్రామసభలను మాత్రం అడగలేదన్నది మావాళ్ళ ఆరోపణ. జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును పక్కన పెట్టింది. పులి మీద మాకు పగ లేదు. అడగకుండా గీసిన ప్రతి గీత చివరకు మా చేను మధ్య నుంచే పోయిందన్నది మా అనుభవం.

వకీలు_హనుమకొండ

తమ్ముడూ, నీ మాటకు చట్టంలోనే బలం ఉంది. సంరక్షణ రిజర్వు అనే వర్గం వన్యప్రాణి చట్టంలోకి 2002 సవరణతో వచ్చింది. 36ఎ సెక్షను ప్రకారం స్థానిక ప్రజలతో సంప్రదింపులు జరిపిన తరువాతనే ప్రభుత్వం దాన్ని ప్రకటించాలి. అభయారణ్యంతో పోలిస్తే అక్కడి ప్రజల హక్కుల మీద ఆంక్షలు కూడా తక్కువ. సంప్రదింపులు నిజంగా జరిపి ఉంటే ఈ వర్గమే మీ ప్రాంతానికి అన్నిటికంటే అనువైనది అయ్యేదేమోనని నాకు అనిపిస్తుంది. 2013 ఏప్రిల్ 18న ఒడిశాలోని నియమగిరి గని కేసులో గ్రామసభ మాటకు సుప్రీంకోర్టు ఇచ్చిన విలువను కూడా గుర్తుపెట్టుకో.

తాడ్వాయి_పాత_బీటు

నేను ముప్పై ఏళ్ళకు పైగా అటవీ శాఖలో కింది స్థాయిలో పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ చర్చ చదువుతుంటే అటవీ శాఖ అంటే గీతలు గీసేవాళ్ళు మాత్రమే అన్నట్లు ఉంది కాబట్టి నా మాట కూడా వినాలి.

రిజర్వు హద్దు అంటే మాకు మ్యాపులో గీత కాదు. వరుస నంబర్లతో పేర్చిన రాళ్ళ గుట్టలు, వాటిని మేము కెయిరన్లు అనేవాళ్ళం. ఒక గుట్ట దగ్గర నిలబడి దిక్సూచి పెట్టి చూసి, కొలత గొలుసు లాగుకుంటూ పోతే తరువాతి గుట్ట దొరకాలి. నా బీటులో, అంటే నేను కాపలా చూసే అడవి భాగంలో, ఒక గుట్ట ఎప్పుడూ దొరికేది కాదు. మూడేళ్ళు వెతికాక, ఒక ఎండాకాలంలో ఆకు రాలిన తరువాత, ఇప్పచెట్టు మొదలు చుట్టూ పెరిగిన చీమల పుట్టలో నాలుగు రాళ్ళు కనిపించాయి. పైరాయి మీద అంకె సగం చెరిగిపోయింది. ఆ గుట్టకు ఇవతల ఒక పాత బావి ఒర ఉంది, అంటే హద్దు గీసేనాటికే అక్కడ మనుషులు ఉన్నారు. నా రికార్డు ప్రకారం బావి అడవిలో ఉంది. రెవెన్యూ వాళ్ళ రికార్డు ప్రకారం ఆ బావికి సర్వే నంబరు ఉంది. ఇద్దరం కలిసి కొలుద్దామని నేను అడిగిన ప్రతిసారీ ఒక కార్యాలయం నుంచి మనిషి వస్తే ఇంకో కార్యాలయం నుంచి వచ్చేవాడు కాదు. చివరకు నేను రిటైరయ్యే నాటికి కూడా ఆ కొలత జరగలేదు. అందువల్ల ఓరుగల్లు సార్ చెప్పిన రెండు రికార్డుల మాట నూటికి నూరుపాళ్ళు నిజం.

కానీ ఆ గుట్టలే లేకుంటే ఏటూరునాగారం అడవి ఈ రోజు మిగిలేది కాదన్నది కూడా నిజమే. నా సర్వీసులో చూసిన నరుకుడు అంతా పేదవాడి పోడు కాదు. గిరిజన కుటుంబం పేరు ముందు పెట్టి, వెనుక నుంచి ట్రాక్టరూ పెట్టుబడీ పంపినవాళ్ళను చూశాను. 2022 నవంబరులో చండ్రుగొండ దగ్గర పోడు తగాదాలో ఒక రేంజి అధికారి ప్రాణమే పోయింది. నాలాంటి కింది ఉద్యోగికి చట్టం చేతిలో కర్ర ఒక్కటే ఇచ్చింది, కూర్చోబెట్టి మాట్లాడే అధికారం ఇవ్వలేదు.

ఇంకొక మాట. 2024 ఆగస్టు 31న తాడ్వాయి - మేడారం మధ్య గాలివానకు వేలాది చెట్లు ఒక్కపూటలో పడిపోయాయి. ఆ తరువాత చూడడానికి వెళ్ళాను. నేను కాపలా కాసిన చెట్లు వేళ్ళతో సహా లేచి అడ్డంగా పడి ఉన్నాయి. వేళ్ళు పక్కకు పరుచుకున్నాయే తప్ప లోతుకు దిగలేదు. ఏ హద్దు రాయీ దాన్ని ఆపలేదు. ఆ రోజు నుంచి అడవిని కాపాడడమంటే మనుషులను బయట ఉంచడమేనన్న నా పాత నమ్మకం కొంత కదిలింది.

నర్సంపేట_రైతుబిడ్డ

మరి 33 శాతం అడవి ఉండాలన్న లెక్క ఎక్కడిది? ఎవరైనా చెప్పగలరా?

ఓరుగల్లు_పాఠం

దేశ భూభాగంలో మూడో వంతు అడవి ఉండాలన్న లక్ష్యం 1952 జాతీయ అటవీ విధానంలోనూ, 1988 విధానంలోనూ ఉంది. 2015 జూలైలో మొదలైన హరితహారం రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలన్నది ఆ లెక్క మీదనే. అది దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం. దాన్ని ఒక్కొక్క మండలానికి కోటాగా పంచితే, పాత పోడు చేనూ పశువుల బంచరాయీ మొక్కలు నాటడానికి ఖాళీ స్థలాలుగా కనిపించడం మొదలవుతుంది.

అర్థశాస్త్రం_మేడమ్

నేను డిగ్రీ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. ఇప్పటి దాకా చర్చలో డబ్బు లెక్క రాలేదు కనుక దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

అడవి భూమిని గనికో ప్రాజెక్టుకో ఇచ్చినప్పుడు, ఇంకో చోట మొక్కలు పెంచే ఖర్చుతో పాటు, ఆ అడవి ఇచ్చే సేవల నికర ప్రస్తుత విలువను (రాబోయే ఏళ్ళ సేవలకు ఈనాటి లెక్కలో కట్టిన వెలను) కూడా సుప్రీంకోర్టు ఆదేశాల ప్రకారం చెల్లించాలి. 2008లో ఖరారు చేసిన రేట్లు హెక్టారుకు 4.38 లక్షల నుంచి 10.43 లక్షల రూపాయల మధ్య ఉండేవి, 2022లో వాటిని పెంచారు. అభయారణ్యమైతే ఐదు రెట్లు, జాతీయ పార్కయితే పది రెట్లు కట్టాలి. ఒక కోణంలో ఇది గొప్ప మార్పు. అంతకుముందు అడవికి ఉన్న ధర దానిలోని కలప ధర మాత్రమే. చెట్టు నిలబడి ఉన్నప్పుడు చేసే పనికి కూడా విలువ ఉందని ఈ లెక్క మొదటిసారి ఒప్పుకుంది.

అయితే ఆ రేటు ఎలా కట్టారో చూడండి. అడవి రకాన్ని బట్టి, దాని దట్టదనాన్ని బట్టి. దట్టమైన అడవికి ఎక్కువ, పలుచని అడవికి తక్కువ. ఇప్పుడు మన తునికాకు సంగతి తీసుకోండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి పొదల కొమ్మ కొడతారు. నెలన్నరలో లేత ఆకు వస్తుంది. తెల్లవారుజామునే లేచి, ఎండ ఎక్కకముందే ఆకు కోసుకొచ్చి, ఇంటిల్లిపాదీ అరుగు మీద కూర్చుని యాభై ఆకుల చొప్పున కట్ట కట్టి, సాయంత్రానికి ఆకు సేకరించే కల్లానికి చేరుస్తారు. కల్లం చూసుకునే కల్లేదారు కట్టలు లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. వానాకాలం పెట్టుబడికి చేతికి వచ్చే మొదటి నగదు చాలా ఇళ్ళలో అదే. ఈ పొద బాగా వచ్చేది వెలుతురు పడే పలుచని అడవిలో. అంటే ఆకు కోసే కుటుంబానికి ఏ నేల ఎక్కువ విలువైనదో, ఆ నేలకే ప్రభుత్వ లెక్కలో తక్కువ రేటు పడుతుంది. గనికి భూమి ఎంచుకునేవాడికి అక్కడే చవక. లెక్క వేసినవారిలో దురుద్దేశం ఉందని నేను అనడం లేదు. కొలిచే సాధనం ఉపగ్రహం కాబట్టి, అది చూడగలిగిన చెట్ల నీడకే విలువ దక్కింది.

ఇక ఆ సొమ్ము ఎక్కడికి పోతుంది? 2016 పరిహార అటవీకరణ నిధి చట్టం ప్రకారం 90 శాతం రాష్ట్రానికి, 10 శాతం కేంద్రానికి. కాళేశ్వరం కోసం మూడు వేల హెక్టార్లకు పైగా అటవీ భూమి మళ్ళింది. ఇలాంటి సందర్భాల్లో ఇప్పపువ్వు ఏరుకునే చెట్టు పోగొట్టుకున్న గూడేనికి ఆ నిధి మీద హక్కు ఏమీ లేదు. ఆ నిధితో నాటే మొక్కలు ఇంకో గూడెం పోడు చేనులోకి వచ్చిన సందర్భాల్లో నష్టం రెండుసార్లు జరుగుతుంది. సంరక్షణ వల్ల వచ్చే లాభం గోదావరి పొడవునా, పట్టణాల దాకా పంచుకుంటాం. ఖర్చు మాత్రం అడవి అంచున ఉన్న కొన్ని వేల ఇళ్ళ మీద పెడుతున్నాం. ఈ అన్యాయం సరిచేయకుండా అవగాహన సదస్సులు ఎన్ని పెట్టినా పని జరగదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తాడ్వాయి_పాత_బీటు

మేడమ్, తునికాకు మాట అక్షరాలా నిజం. కానీ ఆకు కోసం నేలకు నిప్పు పెట్టే అలవాటు కూడా ఉంది. నిప్పు పెడితే లేత చిగురు తొందరగా వస్తుందని కొందరు చేస్తారు. దానితో చిన్న మొలకలన్నీ మాడిపోతాయి. దానికి మీ అర్థశాస్త్రంలో ఏమైనా ఉపాయం ఉందా?

అర్థశాస్త్రం_మేడమ్

ఉంది సార్. ఆకు ఎవరిది అన్న ప్రశ్నలోనే ఆ ఉపాయం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును చిన్న తరహా అటవీ ఫలసాయంగా పేర్కొని, దాని మీద యాజమాన్య హక్కు అక్కడి గ్రామస్తులదేనని చెప్పింది. ఆచరణలో మన దగ్గర యూనిట్ల వారీగా వేలం వేసేది అటవీ శాఖే, కోసేవారికి కూలీ, ఆపైన ఎప్పుడో బోనసు. వచ్చే ఏడాది ఆ పొద ఎలా ఉంటుందన్నది కూలివాడి ఆందోళన కాదు. మన పక్కనే, ప్రాణహిత అవతల గడ్చిరోలి జిల్లాలో మేండా-లేఖా గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్ల మీద సామూహిక హక్కు పొంది, వెదురును తానే అమ్ముకుంటున్నది. నిప్పు, నరుకుడు, కోత కాలం మీద నియమాలు పెట్టుకునేది గ్రామసభే. అదే 2009లో ఎలినార్ ఆస్ట్రమ్‌కు అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఉమ్మడి వనరును వాడుకునేవారే నియమాలు పెట్టుకుని తరతరాలు కాపాడుకోగలరని ఆమె అనేక దేశాల ఉదాహరణలతో చూపించారు. మనకైతే అంత దూరం పోనవసరం లేదు. చెరువు తూము దగ్గర నీరటి ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసుకున్న పద్ధతి అదే కదా.

నర్సంపేట_రైతుబిడ్డ

చెరువు మాట వచ్చింది కనుక చెబుతాను. మాది పాకాల ఆయకట్టు. గణపతిదేవుని కాలంలో, సుమారు 1213లో జగదాల ముమ్మడి కట్టించిన చెరువు ఇది. ఎనిమిది వందల ఏళ్ళుగా నీళ్ళిస్తున్నదంటే పైనున్న అడవి మన్ను జారకుండా పట్టి ఉంచడం వల్లనే. పాకాల అభయారణ్యం పేరు కూడా ఈ చెరువుదే. మత్తడి పోసిన ఏడాది మాకు యాసంగికి దిగులు ఉండదు. అయినా ఆ అడవి అంచున ఉన్న గూడేలకు మా ఆయకట్టు రైతులం ఎప్పుడూ ఏమీ ఇచ్చింది లేదు. అడవి పందులు మక్కచేను తొక్కినప్పుడు మాత్రం అడవినీ అటవీ శాఖనూ తిట్టుకుంటాం. మేడమ్ రాసింది చదివాక ఈ సంగతి మొదటిసారి ఆలోచించాను.

జోడేఘాట్_దారి

ఖర్చు గురించి ఒక మాట. 2024 నవంబరులో కాగజ్‌నగర్ దగ్గర పత్తి ఏరడానికి పోయిన ఒక యువతి పులి దాడిలో చనిపోయింది. ఆ తరువాత వారాల తరబడి ఆడవాళ్ళు గుంపుగా తప్ప చేనుకు పోలేదు. గుంపు దొరకని రోజు కూలీ పోయింది. ఆ పోయిన కూలీ ఏ నష్టపరిహారం లెక్కలోనూ ఉండదు.

కవ్వాల్ లోపలి రాంపూర్, మైసంపేట గ్రామాలను బయటికి తరలించారు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా భూమి, ఇల్లు. కొందరు సంతోషంగానే వచ్చారు, రోడ్డూ బడీ ఆసుపత్రీ దగ్గరయ్యాయి. నా బంధువులలో ఒకాయన మాత్రం పండుగకు పాత ఊరిలోని మా గోండుల దేవుడు పెర్సపేన్ దగ్గరికే పోతాడు. ప్యాకేజీలో ఇంటికి లెక్క ఉంది, దేవుడి గద్దెకు లెక్క లేదు.

ఇప్పుడు మా ఊరి వాళ్ళం సామూహిక అటవీ హక్కు కోసం దరఖాస్తు పెట్టాలనుకుంటున్నాం. 2023 జూన్ 30 నుంచి పంచిన పోడు పట్టాలు రాష్ట్రంలో నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఉన్నా, అవి విడివిడి కుటుంబాలకు ఇచ్చినవి. ఊరంతటికీ కలిపి హక్కు అడగాలంటే ఏ రుజువులు కావాలో వకీలు అన్న చెప్పగలరా?

వకీలు_హనుమకొండ

చెబుతాను తమ్ముడూ. అటవీ హక్కుల నియమాలలో 13వ నియమం చదువు. ప్రభుత్వ రికార్డులు, పాత మ్యాపులు, గెజెటీర్లు మాత్రమే కాక, బావులు, శ్మశానాలు, దేవుని స్థలాల వంటి నేల మీది గుర్తులు కూడా రుజువులే. దరఖాస్తుదారులు కాని పెద్దల మాటను కాగితం మీద రాసి పెట్టినా చెల్లుతుంది. ఒకటి కాదు, కనీసం రెండు రకాల రుజువులు ఉండాలి. ఉపగ్రహ చిత్రం లేదని ఎవరైనా తిప్పి పంపితే, అది అదనపు రుజువే తప్ప తప్పనిసరి కాదని రాతపూర్వకంగా అడగండి. గ్రామసభ తీర్మానంలో హద్దులను వాగు పేరుతో, గుట్ట పేరుతో, చెట్టు పేరుతో రాయండి. విచారణ ముగిసేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని చట్టంలోని 4(5) సెక్షను చెబుతుంది.

ఓరుగల్లు_పాఠం

పాత హద్దుల మ్యాపుల్లోనూ నోటిఫికేషన్లలోనూ ఉర్దూలో ఉన్న భాగం చదవడంలో నేను సహాయం చేస్తాను. నిజాం కాలపు రెవెన్యూ కాగితాల్లో వాడిన ఫసలీ సంవత్సరాలకు 590 కలిపితే సుమారుగా మన సంవత్సరం వస్తుంది. 1356 ఫసలీ అంటే 1946 ప్రాంతం. నకలు తీసుకున్న కాగితాలను వెలుతురులో ఫోటో తీసి పంపండి, ముద్రలు ఉన్న మూలలు తెగిపోకుండా చూడండి.

తాడ్వాయి_పాత_బీటు

బాబూ, మీది నేను పనిచేసిన డివిజను కాదు కాబట్టి పెద్దల వాంగ్మూలం నేను ఇవ్వలేను. కానీ కెయిరన్లు వెతకడం నాకు తెలుసు. ఆకు రాలిన తరువాత, మార్చి మొదటి వారంలో వస్తాను. ఊళ్ళో అందరికంటే పెద్ద వయసు వాళ్ళను ఇద్దరిని, పశువులు కాసే పిల్లలను ఇద్దరిని సిద్ధంగా ఉంచు. పాత రాళ్ళు ఎక్కడ ఉన్నాయో ఎప్పుడూ వాళ్ళకే తెలుస్తుంది. మీ బీటు అధికారికి కూడా ముందే ఉత్తరం రాసి, రమ్మని పిలువు. రాకపోయినా ఆ ఉత్తరం నకలు దరఖాస్తులో పెట్టు.